మూడు జపాన్ కత్తులు, ఒకటే బడ్జెట్: అమ్మ కోసం నేను ఏది కొన్నానంటే...

ఫ్లాగ్‌షిప్ ఫోన్ కొనడానికి నేను ఎప్పుడూ ఇరవై నిమిషాలకు మించి తీసుకోలేదు. వంటింటి కత్తి దగ్గర మాత్రం రెండు గంటలు నిలబడిపోయాను.

ఆఫీసు పని మీద టోక్యో వెళ్లినప్పుడు ఒక శనివారం ఖాళీ దొరికింది. గింజా లైన్ మెట్రోలో తవారామాచి స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే కప్పాబాషి వీధి వస్తుంది. హోటళ్లకి కావాల్సిన గిన్నెలు, కప్పులు, షోకేసుల్లో పెట్టే ప్లాస్టిక్ వంటకాలు అన్నీ అక్కడే దొరుకుతాయి. కత్తుల షాపులు కూడా చాలానే ఉన్నాయి. ఒకదాంట్లోకి వెళ్తే గోడ నిండా కత్తులే. నా బడ్జెట్ 30 వేల యెన్‌లు. కొనేది నాకు కాదు, కాకినాడలో ఉన్న అమ్మకి.

మోకాళ్లు అరిగాయి, కింద కూర్చోవద్దని డాక్టర్ చెప్పాక మా ఇంట్లో కత్తిపీట అటకెక్కింది. నలభై ఏళ్లు దాని మీదే తరిగిన మనిషి ఒక్కసారిగా నిలబడి చాకుతో తరగాల్సి వచ్చింది. ఆ చాకేమో మొద్దుది. ఒకరోజు కందగడ్డ కోస్తుంటే జారి బొటనవేలికి నాలుగు కుట్లు పడ్డాయి. కత్తి పదునుగా ఉంటేనే ప్రమాదం అనుకుంటాం గానీ, మొద్దు చాకుకి బలం పెట్టి నొక్కాలి. జారితే ఆ బలమంతా వేలి మీద పడుతుంది. ఆ తర్వాత అమ్మ తరగడమే మానేసింది. "చాకు పట్టుకుంటే చెయ్యి వణుకుతోందిరా" అంది ఫోన్లో. అప్పటి నుంచి తరిగే పని నాన్నది. ఆయన తరిగిన బెండకాయ ముక్కలు ఏ సైజులో ఉంటాయో చెప్పక్కర్లేదు.

సేల్స్‌మన్ నా ముందు మూడు పెట్టెలు పెట్టాడు.

మొదటిది శిరోగామి నంబర్ 2 స్టీల్‌తో చేసిన నకిరి. నకిరి అంటే కూరగాయల కోసమే చేసే, కొన లేని దీర్ఘచతురస్రం లాంటి కత్తి. అంచు దాదాపు తిన్నగా ఉండటంతో బోర్డుకి మొత్తం ఆనుతుంది, ముక్కలు ఒకదానికొకటి అంటుకుని వేలాడవు. రెండోది ఎస్‌జీ2 పౌడర్ స్టీల్ శాంతోకు, దాని మీద అలల్లాంటి డమాస్కస్ డిజైన్. మూడోది వీజీ-10 స్టీల్‌తో చేసిన మామూలు శాంతోకు. ఏ డిజైనూ లేదు. ధర 12 వేల యెన్‌లు. ఎస్‌జీ2 ధర 28 వేలు.

నా చెయ్యి ఎటు వెళ్లిందో మీకు తెలుసు.

డమాస్కస్ గురించి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది పడిపోయేది అక్కడే. ఇప్పటి జపాన్ కత్తుల్లో కోసే పని చేసేది మధ్యలో ఉన్న కోర్ స్టీల్. రెండు పక్కలా అతికించిన మెత్తటి పొరల్లో కనిపించేదే ఆ అలల డిజైన్. కోతకి దాంతో పెద్ద సంబంధం లేదు. ఫోన్ వెనక గ్రేడియంట్ కలర్ లాంటిదనుకోండి. అందంగానే ఉంటుంది, నేను కాదనను.

ఇక హార్డ్‌నెస్. కత్తుల బాక్సుల మీద హెచ్‌ఆర్‌సీ అని ఒక నంబర్ ఉంటుంది, అది రాక్‌వెల్ స్కేల్. సాధారణ జర్మన్ కత్తులు 56 నుంచి 58 మధ్య ఉంటాయి. వీజీ-10 దాదాపు 60, శిరోగామి 61 నుంచి 63, ఎస్‌జీ2 కూడా 63 దగ్గర ఉంటుంది. గట్టి స్టీల్ అయితే అంచుని ఒక్కో వైపు 15 డిగ్రీలకో, ఇంకా తక్కువకో పలచగా నూరొచ్చు, ఆ పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఎస్‌జీ2 ప్రత్యేకత ఏంటంటే, కరిగించిన స్టీల్‌ని గ్యాస్‌తో చిమ్మి సన్నటి పొడిగా మార్చి, వేడి, ఒత్తిడితో మళ్లీ ఒక్క ముద్ద చేస్తారు. దాంతో లోపలి కార్బైడ్ రేణువులు చిన్నవిగా, సమానంగా పరుచుకుంటాయి. చదువుతుంటేనే కొనాలనిపిస్తుంది కదా? నాకూ అనిపించింది. రెండేళ్ల కిందట కొన్నాను కూడా.

హైదరాబాద్‌లో నా రూమ్‌లో ఉన్న ఆ ఎస్‌జీ2 గ్యూతో మూడు వారాలు స్వర్గం చూపించింది. నాలుగో వారం నేను ఫ్రీజర్‌లోంచి తీసిన చికెన్‌ని కరగనివ్వకుండా దాంతో కోశాను. టిక్‌మని ఒక చిన్న శబ్దం. అంచు మీద బియ్యపు గింజంత పెచ్చు లేచిపోయింది. తప్పు కత్తిది కాదు, పూర్తిగా నాదే. గట్టిదనం పెరిగేకొద్దీ సాధారణంగా పెళుసుదనమూ వస్తుంది. గీతలు పడని స్క్రీన్ గ్లాస్ కింద పడితే పగలకూడదని ఏమీ లేదు కదా, అలాగే.

అది గుర్తొచ్చి ఎస్‌జీ2 పెట్టె మూసేశాను. అమ్మ చికెన్ కోయదు, నిజమే. కానీ మా ఇంట్లో కొబ్బరి చిప్ప ఉంటుంది, గుమ్మడికాయ ఉంటుంది, చేతికి అందిన చాకు తీసుకునే నాన్న ఉంటారు.

నకిరిని వదులుకోవడమే కష్టమైంది. శిరోగామి అంటే తెల్ల కాగితం అని అర్థం. షిమానే ప్రాంతంలోని యసుగిలో తయారయ్యే ఈ స్టీల్స్‌కి చుట్టే కాగితం రంగుని బట్టి తెలుపు, నీలం అని పేర్లు వచ్చాయి. తెలుపులో ముఖ్యంగా ఇనుము, ఒక శాతం పైచిలుకు కార్బన్ తప్ప పెద్దగా ఏమీ కలపరు. నీలంలో టంగ్‌స్టన్, కాస్త క్రోమియం చేరుస్తారు. తెల్ల స్టీల్‌ని సానరాయి మీద నూరడం తేలిక, వచ్చే పదును అద్భుతం. షాపులో ఒక కాగితం మీద ఆనించి లాగితే చప్పుడు లేకుండా రెండు ముక్కలైంది. అయితే క్రోమియం లేదు కాబట్టి తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. నిమ్మకాయ, చింతకాయ, ఉల్లిపాయ, ఏది కోసినా వెంటనే తుడవాలి. కాకినాడ గాలిలో తలుపు గడియలే తుప్పు పడతాయి. అమ్మ ఉల్లిపాయ కోసి, చాకు సింకులో పడేసి, పోపు మాడిపోతోందని పరిగెత్తే రకం. ఆ కత్తి కొనడమంటే ఆవిడకి ఇంకో పని అప్పగించడమే.

స్పెక్ షీట్‌లో దొరకనిది ఇంకొకటుంది. సేల్స్‌మన్ ఒక క్యారట్ తెచ్చి మూడింటితోనూ కోయనిచ్చాడు. బ్లేడ్ అంచుకి కాస్త పైన మందంగా ఉంటే, ఎంత పదునున్నా క్యారట్ సగంలో పటుక్కున చీలుతుంది. పలచగా ఉంటే చివరి దాకా తెగుతుంది. వీజీ-10 శాంతోకు ఇందులో ఎస్‌జీ2కి దాదాపు సమానంగా వచ్చింది. దాని స్టీల్‌లో 15 శాతం వరకు క్రోమియం ఉంటుంది, తుప్పు భయం బాగా తక్కువ. 165 మిల్లీమీటర్ల బ్లేడ్, చేతిలో తేలిగ్గా ఉంది. కొన ఉంది కాబట్టి టమాటా తొడిమ తీయడానికీ పనికొస్తుంది.

దాన్నే తీసుకున్నాను. మిగిలిన 18 వేలల్లో 1000 గ్రిట్ సానరాయి ఒకటి, చెక్క కటింగ్ బోర్డు ఒకటి కొన్నాను. బోర్డు ఎందుకంటే అమ్మ గ్రానైట్ గట్టు మీదే తరుగుతుంది. ఆ రాయి మీద ఏ స్టీల్ అయినా నాలుగు రోజులే. బడ్జెట్ మొత్తం స్టీల్ మీదే పెట్టేసి బోర్డు, రాయి కొనకపోవడం నేను మొదటిసారి చేసిన ఇంకో తప్పు. ఒకవేళ మీరూ కొంటే, చెక్-ఇన్ లగేజీలోనే పెట్టండి. షాపు వాళ్లు కట్టిన ప్యాకింగ్‌ని హోటల్ చేరేదాకా విప్పొద్దు. జపాన్‌లో 6 సెంటీమీటర్లు దాటిన బ్లేడ్‌ని సరైన కారణం లేకుండా వెంట పెట్టుకుని తిరగడం నేరం.

ఇంట్లో మొదటి రోజు అమ్మ దాన్ని ముట్టుకోలేదు. "ఇంత పదునైతే వేలు పోతుందిరా" అంది. బోర్డు కింద తడి గుడ్డ పరిచి, ఎడమ చేతి వేళ్లు లోపలికి ముడిచి పట్టుకోవడం చూపించాను. కత్తిపీట దగ్గర బ్లేడ్ కదలదు, కాయ కదులుతుంది. ఇక్కడ ఉల్టా. అలవాటవడానికి వారం పట్టింది. ముందు దోసకాయ, తర్వాత బెండకాయలు. "నొక్కక్కర్లేదేంట్రా దీన్ని" అని ఆశ్చర్యపోయింది.

ఆరు నెలలైంది. రెండుసార్లు వెళ్లినప్పుడు రాయి మీద నూరాను, ఒక్కోసారి పదిహేను నిమిషాల పని. పెచ్చులేమీ లేవు. పక్కన రెండు గీతలున్నాయి, స్టీల్ పీచుతో తోమినవి. పిడి దగ్గర మాత్రం ఒక చిన్న పసుపు మరక పడింది, పోవట్లేదు.

ఇప్పుడు మామిడికాయల సీజన్. ఆవకాయకి టెంకతో సహా కొట్టాలి కాబట్టి, అమ్మ కొత్త కత్తిని బీరువాలో పెట్టి తాళం వేసి, నాన్న చేత అటక మీంచి కత్తిపీట దింపించింది.