గాజుతంతువు – విద్యుచ్చాపము
శామీర్‌పేట బాటప్రక్కను పాతిన గాజుతంతువు తెగినయెడల, పనివారు దాని కొనలను విద్యుచ్చాపముచే కరగించి యతుకుదురు. ఆ చాపమే మఱియొక పనికిని వచ్చును.

పైతొడుగు తీసిన తంతువు మందము 125 మైక్రానులు. తలవెండ్రుకకంటె కొంచెము లావు. దానిని మెల్లగా లాగిపట్టి, రెండు లోహపు మొనల నడుమ నుంచి, క్షణకాలము చాపమును సోకించి, సుమారు అర మిల్లీమీటరు జరిపి మరల సోకింతురు. ఇట్లు పలుమాఱులు చేయగా, వేడి తగిలిన ప్రతిచోట గాజులోని బిగువు సడలి, వక్రీభవన గుణకము మాఱును. అందుచే నొక తరంగదైర్ఘ్యపు కాంతి మాత్రము నడిమిభాగమునుండి పైపొరకు జారి నశించును. తాపమునుబట్టి యా తరంగదైర్ఘ్యము మాఱును గనుక, వేడిని కొలుచుట కిది సాధనమగుచున్నది.

చాపము మితిమీఱినచో తంతువు సన్నగిలి తెగును. చాలనిచో గుర్తే పడదు. కావున నిచట బలముకంటె మితమే ముఖ్యమని మనము గ్రహింపవలెను.