ఉలవకట్టు వంటింటికి, గుగ్గిళ్లు చావిడికి

విజయవాడ పెళ్లి విందుల్లో ఉలవచారు, దాని మీద చెంచాడు మీగడ ఇప్పుడు తప్పనిసరి. హోటళ్లు దాన్ని బిర్యానీలోనూ కలిపేశాయి. కృష్ణా జిల్లా రుచిగా చెలామణి అవుతున్న ఈ వంటకం ఎడ్ల దాణా నుంచి పుట్టింది. దుక్కిటెడ్ల కోసం ఉలవలను పెద్ద కాగులో ఉడికించేవారు. ఇంటి ఆడవాళ్లు కట్టు వార్చుకుని, చింతపండు పులుసుతో మరిగించి చారు చేసేవారు. గుగ్గిళ్లను పాలేరు గంపకెత్తుకుని చావిడికి మోసేవాడు. పొయ్యిలోకి కట్టెలు కొట్టిందీ అతనే. మాది గుడివాడ ప్రాంతపు మాలపల్లె. మా తాత అలాంటి పాలేరు. ఎడ్ల గంపలోంచి తీసుకున్న గుప్పెడు గుగ్గిళ్లే ఆయన ఉదయపు ఫలహారం. చద్దన్నం మాత్రం పెరటి గుమ్మం దగ్గర, పైనుంచి వేస్తే, తన సత్తు గిన్నెలో పట్టుకునేవాడు.

బెజవాడ దగ్గర 1855లో పూర్తయిన ఆనకట్ట డెల్టాను మాగాణిగా మార్చింది. ఆ మాగాణి మీద కూడిన సొమ్ము, అన్నదమ్ముల మధ్య ముక్కలవుతున్న పొలం కలిసి కమ్మ రైతులను కొత్త కాలువల వెంట నడిపించాయి. నిజాంసాగర్ (1931) కింద బోధన్, వర్ని. తుంగభద్ర (1953) కింద గంగావతి, సింధనూరు. ఇక్కడ ఒక ఎకరం అమ్మితే అక్కడ అనేక ఎకరాలు వచ్చేవి. వారు కట్టుకున్న ఊళ్లను కర్ణాటకలో నేటికీ ‘క్యాంపు’లనే పిలుస్తారు. తుమ్మపొదలు నరికి నల్లరేగడిని మడులుగా చదును చేయడం తేలిక పని కాదు. ఆ కష్టాన్ని నేను తక్కువ చేయను. 1958లో ఆసామి వెంట సింధనూరు వైపు వెళ్లిన మా తాత కూడా ఆ చదునులో ఉన్నాడు.

తుంగభద్ర ఎడమ కాలువను ప్రధానంగా వరి కోసం తవ్వలేదు. కరువు సీమలో వీలైనంత ఎక్కువ భూమికి కొద్దికొద్దిగా నీరిచ్చి, జొన్న, వేరుశనగ వంటి ఆరుతడి పంటలను కాపాడాలన్నది ఉద్దేశం. అన్నం లేనిదే భోజనం కాదనుకునే డెల్టా రైతు కాలువ ఎగువన వరి వేశాడు. లాభమూ అందులోనే ఉంది. దిగువన మాన్వి, రాయచూరు వైపు పొలాలకు నీరు సరిగా అందలేదు. జొన్నరొట్టె తిని పెరిగిన మాదిగ, నాయక కూలీలు ఆ మడుల్లో నాట్లు వేశారు. తర్వాత బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బీపీటీ 5204) కూడా అక్కడికి చేరింది. వలస వెళ్లినవారు కొత్త ఊరి తిండికి అలవాటు పడతారంటారు. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు.

మొదటి రెండేళ్లు క్యాంపులో గడ్డిపాక ఒక్కటే. వంటిల్లు, పడకిల్లు, చావిడి అన్నీ అందులోనే. పెరడే లేదు, ఇక పెరటి గుమ్మమెక్కడిది? తాత ఆసామి కుటుంబంతోపాటు ఒకే పొయ్యి చుట్టూ కూర్చుని తిన్నాడని నాన్నమ్మ చెప్పేది. ఆసామి భార్యే వడ్డించేదట. ఆమె పుట్టింటి నుంచి వచ్చిన ఆవకాయ జాడీలోంచి తాతకూ ఒక ముక్క. మూడో ఏట పెంకుటిల్లు లేచింది, రామాలయం వచ్చింది, కోడలు తెనాలి వైపు నుంచి వచ్చింది. తాతతో ఎవరూ ఏమీ అనలేదు. ఆయనే గిన్నె తీసుకుని ఇంటి వెనక్కి నడిచాడు. ఈ మాట చెప్పేటప్పుడు నాన్నమ్మ గొంతులో కోపం వినిపించేది కాదు. అదే నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. అంటరానితనం తరాల ఆచారమే అయితే ఆ రెండేళ్లు ఎలా ఆగింది? అవసరం పడినప్పుడు పక్కన పెట్టి, ఆస్తి కుదురుకోగానే తిరిగి తెచ్చుకోగలిగిన ఏర్పాటు అది.

కార్తీకమాసంలో విజయవాడ చుట్టుపక్కల తోటల్లో కులాలవారీగా వనభోజనాలు జరుగుతాయి. ఏ కులానికి ఆ కులం విడిగా తినడాన్ని ఐక్యత అంటున్నారు! తాతల కష్టం మీద ప్రసంగాలుంటాయి. క్యాంపు కుటుంబాల పిల్లలు నా తరగతిలోనూ ఉన్నారు. కిందటేడు ఒక విద్యార్థి క్యాంపు వంటల మీద చక్కని వ్యాసం రాసి తెచ్చాడు. ఏ కాగులో ఉలవలు ఉడికించారో, తిరగమోతలో ఏమేం వేశారో అన్నీ ఉన్నాయి. పాలేరు లేడు. ఎందుకని అడిగాను.

“ఒకాయన ఉండేవాడట సార్. పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.”