ఏడేళ్ళు పట్టిన 'బొమ్మ'

నోటుపుస్తకం మూలల్లో ఓ మనిషి బొమ్మ గీసి, పేజీ పేజీకీ కాలూ చెయ్యీ కాస్త జరిపి, పుస్తకాన్ని బొటనవేలితో గబగబా వదిలితే ఆ బొమ్మ పరుగెత్తుతుంది. చూసి మురిసిపోని వాళ్ళు మన పాఠకుల్లో ఎంతమంది వుంటారు చెప్పండి? లెక్కల మాస్టారు చూసి చెవి మెలిపెట్టి వుంటే ఆ జ్ఞాపకం ఇంకా బాగా గుర్తుంటుంది!

మన తెలుగులో ఓ తమాషా వుంది. చేతిలో పట్టుకుని ఆడుకునేదీ బొమ్మే. కాగితం మీద గీసేదీ బొమ్మే. హాల్లో ఆడే సినిమా కూడా బొమ్మే! 'బొమ్మ హిట్టా, ఫట్టా?' అని అడుగుతాం కదా. ఈ మూడు బొమ్మల్నీ ఒకేచోట కలిపి, క్లాసు పరీక్ష కోసం మొదలుపెట్టిన పనికి ఏడేళ్ళు పట్టించుకుని, చివరికి ఆస్కారు గుమ్మం దాకా వెళ్ళిన ఓ స్టూడెంటు కథ ఇది. అతని పేరు నిక్ పార్క్. వాలెస్, గ్రోమిట్ అనే మట్టిబొమ్మల జంటను సృష్టించిన మనిషి.

అమ్మ కెమేరా... దారపుకండెలు

నిక్ 1958 డిసెంబరులో ఇంగ్లండులోని లాంకషైర్ జిల్లా ప్రెస్టన్ పట్నంలో పుట్టాడు. తల్లి బట్టలు కుట్టేది. తండ్రి ఫోటోగ్రాఫరు. ఖాళీ దొరికితే చాలు, ఇంట్లో ఏదో ఒకటి కొత్తగా తయారు చేస్తూ వుండే రకం. ఆ గుణం కొడుక్కీ అబ్బింది. చిన్నప్పట్నించీ కార్టూన్లు గీసేవాడు. పదమూడేళ్ళ వయసులో తల్లి దగ్గరున్న హోమ్ మూవీ కెమేరా చేతికి దొరికింది. ఇంక చూస్కోండి! నటీనటులెవరయ్యా అంటే అమ్మ కుట్టుపెట్టెలోని దారపుకండెలు!

కుర్రవయసులోనే అతను తీసిన ఓ చిట్టి సినిమా 1975లో బీబీసీలో ప్రసారమైంది. అదృష్టం అప్పుడే తలుపు తట్టిందనుకుంటాం మనం. కానీ అసలు పరీక్ష ముందుంది. షెఫీల్డులో ఆర్టు చదువు 1980లో ముగించుకుని, బీకన్స్‌ఫీల్డులోని నేషనల్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ స్కూల్లో చేరాడు. అక్కడ చదువు పూర్తి కావాలంటే స్టూడెంటు తనంతట తానో సినిమా తీసి చూపించాలి. తోటివాళ్ళు నటుల్ని పెట్టుకుని షూటింగులు కానిచ్చేసుకుంటూ వుంటే, మన నిక్ మాత్రం మట్టి కావాలన్నాడు.

అదీ పిడికెడు కాదు... ఒక టన్ను!

చందమామ మీద జున్ను

ఆ మట్టి పేరు ప్లాస్టిసీన్. 1897లో బాత్ పట్నంలో విలియం హార్బట్ అనే డ్రాయింగు మాస్టారు తన విద్యార్థుల కోసం కనిపెట్టిన మట్టి ఇది. మన కుమ్మరి మట్టిలా ఎండిపోదు. ఎన్నిసార్లు నలిపినా మళ్ళీ మెత్తగానే వుంటుంది. హార్బట్ కంపెనీకే ఉత్తరం రాసి టన్ను మట్టి తెప్పించుకున్నాడు నిక్. పది రంగులొచ్చాయి. అందులో రాతిరంగు ముద్ద ఒకటి. కుక్క గ్రోమిట్‌కి ఒళ్ళంతా అదే.

కథ 1982లో మొదలైంది. వాలెస్ ఒంటరివాడు. బట్టతల పెద్దమనిషి. ఎప్పుడూ ఏదో యంత్రం కనిపెట్టే పిచ్చి. జున్నంటే ప్రాణం. సెలవు రోజున ఇంట్లో చూస్తే జున్ను అయిపోయింది! చందమామ అంతా జున్నేనని ఇంగ్లీషువాళ్ళలో ఓ పాత సరదా మాట వుంది. మనం చందమామలో కుందేలుందని చెప్పుకుంటాం చూడండి, అలాగన్నమాట. దాంతో వాలెస్ కింది గదిలో సొంతంగా రాకెట్టు కట్టి, కుక్కని వెంటబెట్టుకుని, చంద్రుడి మీదికి పిక్నిక్కు వెళతాడు. అక్కడ ఓ పాత గ్యాస్ పొయ్యి లాంటి యంత్రం తారసపడుతుంది. అందులో నాణెం వేస్తే ప్రాణం వస్తుంది! ఆ యంత్రానికో కల... భూమ్మీదికెళ్ళి మంచు కొండల మీద స్కీయింగు చెయ్యాలని. ఇంతే కథ. పేరు 'ఎ గ్రాండ్ డే అవుట్'.

మనిషికి కుక్క పేరు

ఈ జంట పుట్టుక వింటే నవ్వొస్తుంది. గ్రోమిట్ మొదట కుక్క కాదు, పిల్లి! మట్టితో చేసి చూస్తే పిల్లికన్నా కుక్కని చెయ్యటం సుళువనిపించింది. దాంతో పిల్లి కుక్కయింది. నిక్ అన్నయ్యదో తమ్ముడిదో గాని ఎలక్ట్రీషియన్ పని. వైరు దూరే చోట వేసే రబ్బరు రింగుని వాళ్ళు 'గ్రోమెట్' అంటారు. ఆ మాట చెవికింపుగా వుందని కుక్కకి పెట్టేశాడు. మరి వాలెస్? మొదట అతని పేరు జెర్రీ. గ్రోమిట్ పక్కన ఆ పేరు అతకలేదు. ఓసారి ప్రెస్టన్‌లో బస్సెక్కుతున్న ఓ ముసలావిడ వెంట బాగా లావెక్కిన లాబ్రడార్ కుక్క కనిపించింది. దాని పేరు వాలెస్! అలా మనిషికి కుక్క పేరు వచ్చింది.

గొంతు సంగతి ఇంకా బావుంటుంది. బీబీసీ హాస్య సీరియల్ 'లాస్ట్ ఆఫ్ ద సమ్మర్ వైన్' ద్వారా ఇంటింటా తెలిసిన నటుడు పీటర్ శాలిస్. ఆయన గొంతే కావాలని పట్టుబట్టాడు ఈ స్టూడెంటు. అంత పెద్ద నటుడు స్టూడెంటు సినిమాకి వస్తాడా? వచ్చాడు! ఎంతకి? 50 పౌన్లకి. అదీ తనకి కాదు, తనకిష్టమైన ధర్మసంస్థకి ఇమ్మన్నాడు. ఆయన 'చీజ్' అనే మాట పలికే తీరు విన్నాక వాలెస్ నోరు చెవులదాకా సాగింది. ఈనాడు మనం చూసే ఆ పళ్ళికిలింపు నవ్వు పీటర్ శాలిస్ నోటి చలవే!

మూగ కుక్క మాట్లాడింది

ఇప్పుడు ఈ పని ఎలా జరుగుతుందో కాస్త చెప్పుకుందాం. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. బొమ్మని పిసరంత కదిపి, చెయ్యి తీసేసి, ఓ ఫ్రేము తియ్యాలి. మళ్ళీ కదిపి, మళ్ళీ తియ్యాలి. ఒక్కో భంగిమని రెండేసి ఫ్రేములు తీసుకున్నా సెకనుకి పన్నెండు సార్లు, నిమిషానికి 720 సార్లు బొమ్మని ముట్టుకోవాలి. మధ్యలో మోచెయ్యి తగిలి దీపం కదిలిందా... ఆ షాటు గోవిందా! ఆ రోజుల్లో తీసింది వెంటనే చూసుకునే వీలూ లేదు. రీలు ల్యాబుకెళ్ళి కడిగొచ్చాక గాని తప్పు తెలీదు.

ఈ ఓపిక పనిలోనే నిక్‌కి ఓ వరం దొరికింది. గ్రోమిట్‌కి మొదట మాటలు పెట్టాలనుకున్నాడు. మొదట్లో తీసిన ఓ సీనులో వాలెస్ రంపంతో తలుపు కోస్తుంటాడు. దానికి ఆసరా బల్ల మన గ్రోమిట్టే! తలుపు కింద ఇరుక్కుపోయిన కుక్క నోరు కదపటం మహా యాతన. సరే, కనుబొమల దగ్గర మట్టిని కాస్త పైకీ కిందికీ నొక్కి చూశాడు. అంతే! విసుగు, జాలి, 'ఈ యజమానితో నా ఖర్మ' అనే నిట్టూర్పు... అన్నీ ఆ రెండు కనుబొమల్లోనే కనిపించాయి. ఇంక నోరెందుకు? తీసేశాడు. నలభై ఏళ్ళు దాటినా గ్రోమిట్ ఒక్క మాట మాట్లాడలేదు. డైలాగు లేకుండా హాలంతా నవ్వించటం మన మూకీల కాలం నటులకి తెలిసిన విద్య. అది ఈ మట్టికుక్కకి ఓ ఇబ్బందిలోంచి వచ్చింది.

'ఎంతవరకొచ్చిందోయ్?'

చెప్పటానికి సరదాగానే వుంది. కానీ ఆ కుర్రాడి స్థితి ఆలోచించండి. ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి. సినిమా తెమల్లేదు. మన కాలేజీ కుర్రాళ్ళకి ఇంటికెళ్ళినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న వుంది కదా, 'ఎంతవరకొచ్చిందోయ్ నీ చదువు?' అని. బొమ్మలు గీసేవాడికి ఆ ప్రశ్న మరీ గుచ్చుకుంటుంది. ఏడాది కష్టపడి చూపించేదేమిటంటే ఓ నిమిషమో రెండు నిమిషాలో! దాన్ని చూసి 'ఇంతేనా?' అనేవాళ్ళే ఎక్కువ.

అలాంటి రోజుల్లో స్కూలుకి ఉపన్యాసం ఇవ్వటానికి పీటర్ లార్డ్, డేవిడ్ స్ప్రాక్స్‌టన్ వచ్చారు. చదువుకునే రోజుల్లోనే 1972లో ఆర్డ్‌మన్ స్టూడియో పెట్టుకున్న స్నేహితులు వీళ్ళు. వాళ్ళు 'ఇంతేనా' అన్లేదు. 1985లో నిక్‌ని బ్రిస్టల్ రమ్మన్నారు. షరతు ఒకటే: మా స్టూడియో పని కాస్త చెయ్యి, మిగతా వేళల్లో మా దగ్గరే నీ సినిమా పూర్తి చేసుకో!

ఆ 'స్టూడియో పని' కూడా తక్కువది కాదండోయ్. 1986లో ప్రపంచాన్ని ఊపేసిన పీటర్ గేబ్రియల్ పాట 'స్లెడ్జ్‌హామర్' వీడియో చూశారా? అందులో తలల్లేని కోళ్ళు రెండు డాన్సు చేస్తాయి. ఆ కోళ్ళ డాన్సు మాస్టరు మన నిక్కే!

కానీ సొంత సినిమాకి ఓ కోత తప్పలేదు. మొదటి స్క్రిప్టులో చంద్రుడి మీద బోలెడు పాత్రలు. అక్కడో ఫలహారశాల కూడా వుంది! అదంతా తియ్యాలంటే ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో లెక్క వేసుకుంటే గుండె జారిపోయింది. కష్టపడి కన్న కలలో సగానికి పైగా కొట్టెయ్యటం ఏ కళాకారుడికైనా కడుపుకోతే. నిక్ కొట్టేశాడు. చంద్రుడి మీద ఒక్క పొయ్యి యంత్రం మిగిలింది. ఇవాళ ఆ సినిమా చూస్తే, నిర్మానుష్యమైన జున్ను మైదానంలో ఒంటరిగా తిరిగే ఆ యంత్రాన్ని చూసి మనసు చివుక్కుమంటుంది. వందమంది పాత్రలున్నా ఆ జాలి పుట్టేది కాదేమో!

పోటీలో తనకి తనే

1989లో సినిమా పూర్తయింది. నిడివి ఇరవై మూడు నిమిషాల పైచిలుకు. ఆ నవంబరులో బ్రిస్టల్ యానిమేషన్ ఉత్సవంలో తెరకెక్కింది. అదే ఏడాది ఆర్డ్‌మన్ కోసం అయిదు నిమిషాల 'క్రీచర్ కంఫర్ట్స్' కూడా తీశాడు. మామూలు జనం తమ ఇళ్ళ గురించి చెప్పుకున్న మాటలు రికార్డు చేసి, వాటిని జూలోని జంతువుల నోట పలికించిన చమత్కారం అది.

1991 మార్చి ఆస్కారు పండుగ. యానిమేషన్ లఘుచిత్రాల పోటీలో నిలిచినవి మూడే మూడు. వాటిలో రెండు నిక్ పార్క్‌వే! ఏడేళ్ళు పట్టిన బొమ్మ ఓడింది. అయిదు నిమిషాల బొమ్మ గెలిచింది. తన చేతిలో తనే ఓడిపోయిన అదృష్టవంతుడు!

ఏడేళ్ళ కష్టం వృథా అయిందా మరి? ఆ మాట అనకండి. ఆ జంటతోనే తీసిన 'ద రాంగ్ ట్రౌజర్స్' (1993), 'ఎ క్లోజ్ షేవ్' (1995) రెండూ ఆస్కార్లు తెచ్చాయి. పూర్తి నిడివి చిత్రంగా 2005లో వచ్చిన 'ద కర్స్ ఆఫ్ ద వేర్-ర్యాబిట్' నాలుగోది తెచ్చింది.

ఆ ఏడాదే ఓ దెబ్బ కూడా తగిలింది. అక్టోబరు 10న బ్రిస్టల్‌లోని ఆర్డ్‌మన్ గోడౌను తగలబడి, పాత సినిమాల సెట్లూ బొమ్మలూ చాలావరకు బూడిదయ్యాయి. సరిగ్గా రెండు రోజుల ముందే కాశ్మీరు ప్రాంతంలో భూకంపం వేలాదిమందిని పొట్టనపెట్టుకుంది. లోకంలో జరిగిన మిగతా విషాదాల ముందు మా నష్టం పెద్దదేం కాదన్నాడు నిక్. బొమ్మకోసం ఏడేళ్ళు ఓపిక పట్టినవాడికి, బొమ్మకీ మనిషికీ తేడా కూడా తెలుసు.

వేలిముద్రలు

పీటర్ శాలిస్ 2017లో 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. 2024లో వచ్చిన 'వెంజెన్స్ మోస్ట్ ఫౌల్'లో వాలెస్‌కి బెన్ వైట్‌హెడ్ గొంతిచ్చాడు. కంప్యూటరు క్షణంలో కొండల్నీ సముద్రాల్నీ సృష్టిస్తున్న ఈ రోజుల్లోనూ, గ్రోమిట్ మొహాన్ని దగ్గర్నించి చూడండి. మట్టి మీద వేలిముద్రలు కనిపిస్తాయి. ఎవరో ఒక మనిషి ఆ షాటు తీసేముందు ఆ బొమ్మని ముట్టుకున్న గుర్తులవి.

ఇప్పుడు మన హైదరాబాదులోనూ యానిమేషన్ చదువుకునే కుర్రకారు వుంది. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, మీ హాస్టలు గదిలోనో అలాంటి వాళ్ళుండొచ్చు. నెల తిరిగేసరికి వాళ్ళు మీకు చూపించేది పది సెకన్ల బొమ్మే కావచ్చు. 'ఇంతేనా?' అనకండి. ఇంకోసారి వెయ్యమనండి. వాళ్ళ మొహం చూడండి.

ఆ చూపించేది మీరే అయితే... గీసిన బొమ్మల్ని మాత్రం పారెయ్యకండి!