హిండెమిత్ ట్రాంబోన్–పియానో సొనాటా (1941)

సొనాటా అంటే గాత్రం లేకుండా వాద్యాల కోసమే కూర్చిన, సాధారణంగా మూడు నాలుగు భాగాలు గల రచన. వయొలిన్, చెల్లోల కోసం పియానోతో కలిపి బీథోవెన్, బ్రామ్స్ గొప్ప సొనాటాలు రాశారు. ట్రాంబోన్ కోసం ఆ ఇద్దరూ ఒక్కటి కూడా రాయలేదు. 1808లో తొలిసారి వినిపించిన అయిదో సింఫొనీలో బీథోవెన్ ట్రాంబోన్లను వాడాడు గాని, చివరి భాగం వచ్చేదాకా ఆ వాదకులు చేతులు కట్టుకొని కూర్చోవలసిందే. ఈ లోటును గట్టిగా పట్టించుకున్నవారిలో ముఖ్యుడు జర్మన్ స్వరకర్త పాల్ హిండెమిత్ (1895–1963).

ముందుగా వాద్యం సంగతి చూద్దాం. పెళ్లి ఊరేగింపుల బ్యాండు మేళంలో వినిపించే ట్రంపెట్ లాగే ఇదీ ఇత్తడి వాద్యమే. అయితే ట్రంపెట్‌కు మీటలు ఉంటాయి, దీనికి ముందుకూ వెనక్కూ జరిగే గొట్టం ఉంటుంది. దాన్ని స్లైడ్ అంటారు. ఎక్కువగా వాడే టెనార్ ట్రాంబోన్‌లో గొట్టం మొత్తం పొడవు సుమారు 2.7 మీటర్లు. స్లైడ్‌కు ఏడు స్థానాలు. ఒక్కో స్థానం ముందుకు జరిపితే ధ్వని అర్ధస్వరం చొప్పున దిగుతుంది. ఒకే స్థానంలో పెదవుల బిగువు మార్చి వేర్వేరు స్వరాలు పలికిస్తారు. ఎక్కడ ఆపాలో వయొలిన్ మీద వేలికి లాగే ఇక్కడా చెవే చెప్పాలి. కర్ణాటక సంగీతం తెలిసినవారికి వెంటనే జారు గుర్తుకు వస్తుంది. ఈ వాద్యానికి జారు చాలా సులువు. హిండెమిత్ మాత్రం ఆ సులువు మీద ఆధారపడలేదు. స్వరాలు దేనికది స్పష్టంగా నిలిచేలా రాశాడు.

అసలు చిక్కు పియానోతో. పియానో ఒకేసారి ఎన్నో స్వరాలు పలకగలదు, కానీ మీట నొక్కిన క్షణం నుంచే ప్రతి స్వరం సన్నగిల్లుతుంది. ట్రాంబోన్ పలికేది ఒక్క స్వరమే అయినా ఊపిరి ఉన్నంతసేపు దాన్ని నిలపవచ్చు, పెంచవచ్చు, పియానోను ముంచేయవచ్చు కూడా. ఈ రెంటినీ సమానంగా నిలపడానికి హిండెమిత్ పియానోను పక్కవాద్యంగా చూడలేదు. పియానో భాగం వాయించేవారికి చేతినిండా పని; అది ట్రాంబోన్ భాగం కంటే తేలికేమీ కాదు.

రచన పుట్టిన కాలం కూడా తెలియాలి. 1934లో నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ హిండెమిత్‌ను బహిరంగంగా నిందించాడు. 1936లో అతని రచనల ప్రదర్శనను నిషేధించారు. 1938లో డ్యుసెల్‌డార్ఫ్‌లో ‘దిగజారిన సంగీతం’ పేరుతో జరిపిన ప్రదర్శనలో అతన్నీ చేర్చారు. భార్య గెర్ట్రూడ్ పూర్వీకుల్లో యూదులు ఉండటం మరో ప్రమాదం. ఆ ఏడాదే స్విట్జర్లాండ్‌కు, 1940లో అమెరికాకు వెళ్లి యేల్ విశ్వవిద్యాలయంలో బోధించాడు. ఆర్కెస్ట్రాలోని దాదాపు ప్రతి వాద్యానికీ ఒక సొనాటా రాసే పని 1936లో ఫ్లూట్‌తో ఊపందుకుంది. 1955లో ట్యూబా దాకా సాగింది. దేశాలు మారినా అది ఆగలేదు. ఈ సొనాటాలో ప్రవాసి ఆక్రందన వినిపిస్తుందని అనుకోవడం నాకు అతిగా తోస్తుంది. తన సంగీతం వాయించకూడదని ప్రభుత్వం శాసించిన మనిషి, వెనక వరుసలో కూర్చునే వాదకుడికి కూడా వాయించుకోవడానికి ఒక మంచి రచన ఇస్తూ పోయాడు. ఆ మాట చాలు.

సొనాటాలో నాలుగు భాగాలు. మొదటిది గంభీరంగా, పెద్ద పెద్ద అంగలతో సాగుతుంది. పాత మేజర్, మైనర్ కట్టుబాటు ఇందులో సడలినా వినేవారికి ఒక కేంద్ర స్వరం అందుతూనే ఉంటుంది. అందుకే మొదట కటువుగా తోచినా రెండోసారి వింటే దారి తెలుస్తుంది. రెండో భాగం నాకు ఎక్కువ ఇష్టం. అక్కడ పియానో తీరిగ్గా కబుర్లు చెబుతుంటే, ట్రాంబోన్ మధ్యమధ్య ఒక చిన్న పాటతో వచ్చి తప్పుకుంటుంది. గట్టిగా మోగే వాద్యానికి ఇంత నాజూకు పని అప్పగించడంలో హాస్యమూ ఉంది. మూడోదానికి ‘కయ్యాలమారి పాట’ అనే అర్థం వచ్చే జర్మన్ పేరు పెట్టాడు. బరువుగా, మొరటుగా నడిచే ఈ భాగంలో ట్రాంబోన్ గొంతు చించుకోవచ్చు, కానీ లయ తప్పకూడదు.

నాలుగో భాగానికి మొదటి భాగం నడక సూచననే మళ్లీ రాశాడు. ఆ సంగీత విషయమే తిరిగి వస్తుంది. వినేటప్పుడు మొదటి భాగం ఆరంభాన్ని రెండుమూడు సార్లు విని, ఆ అంగలను నోటితో పాడుకోండి. చివరి భాగంలో అవి ఎక్కడ తిరిగి వచ్చాయో, అప్పుడు పియానో ఏం చేస్తోందో గుర్తించి రాసుకోండి.