పెద్ద పేజీకి చోటేదీ?

కంప్యూటరు మెమరీ సగం ఖాళీగా ఉంది. అయినా ఒక ప్రోగ్రాము వచ్చి 1 గిగాబైటు పేజీ ఒక్కటి ఇమ్మంటే, చోటు లేదంటుంది కెర్నెల్. ఆపరేటింగ్ సిస్టంలో మెమరీని పంచిపెట్టే పెత్తనమంతా ఈ కెర్నెల్‌దే. మరి ఉన్న చోటును లేదనడమేమిటి? లినక్స్‌ను ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

మామూలు పి.సి.లో కెర్నెల్ మెమరీని 4 కిలోబైట్ల పేజీలుగా విభజిస్తుంది. ప్రోగ్రాముకు తెలిసిన చిరునామా వేరు, మెమరీలో ఆ పేజీ నిజంగా ఉండే చోటు వేరు. రెండింటినీ కలిపే పట్టిక ఒకటుంటుంది. ప్రతిసారీ ఆ పట్టిక వెతుకుతూ కూర్చుంటే పని సాగదు కనుక, ఈమధ్య చూసిన వరుసలను ప్రాసెసరు టి.ఎల్.బి. అనే చిన్న చిట్టాలో రాసిపెట్టుకుంటుంది. ఆ చిట్టాలో పట్టేవి మహా అయితే కొన్ని వేల వరుసలు. 1 గిగాబైటును 4 కిలోబైట్ల పేజీలుగా కోస్తే ఎన్ని వరుసలో లెక్కకట్టండి: 2,62,144! 2 మెగాబైట్ల పేజీలైతే 512 చాలు. 1 గిగాబైటు పేజీ అయితే ఒక్కటే. పెద్ద డేటాబేసులు నడిపేవారు పెద్ద పేజీలు కావాలనేది ఇందుకే.

చిక్కల్లా ఏమిటంటే, పెద్ద పేజీకి చోటంతా వరుసగా, మధ్యలో తెగకుండా ఉండాలి. బస్సులో పది సీట్లు ఖాళీ; కానీ ఇక్కడొకటి, అక్కడొకటి. ముగ్గురు పక్కపక్కన కూర్చోవాలంటే? కెర్నెల్ పాట్లూ అవే. అది ఖాళీ మెమరీని రెండుగా, మళ్ళీ రెండుగా చీల్చి ఇస్తుంది; జంట ముక్కలు రెండూ ఖాళీ అయినప్పుడే తిరిగి కలుపుతుంది. కెన్నెత్ నోల్టన్ 1965లో ప్రచురించిన పద్ధతి ఇది. 512 పేజీల్లో 511 ఖాళీ అయి, ఒక్కటి కదలకుండా కూర్చున్నా అక్కడ 2 మెగాబైట్ల పేజీ దొరకదు!

‘కాస్త జరగండి’ అనవచ్చు కదా? అంటుంది కూడా. 2010లో లినక్స్‌కు ఆ నేర్పు వచ్చింది. ప్రోగ్రాము పేజీని మరోచోటికి నకలు చేసి, పట్టికలో వరుస మారిస్తే సరి. ప్రోగ్రాముకు తెలియనే తెలియదు. కానీ కెర్నెల్ సొంతానికి వాడుకునే పేజీలు చాలావరకు జరగవు. వాటిని అది నేరుగా వాటి చోటును బట్టే పిలుస్తుంది మరి. (అడ్డం కూర్చున్నది కండక్టరే అన్నమాట!)

పైగా పి.సి.లో ఈ పంపకంలో అన్నిటికన్నా పెద్ద ముక్క సాధారణంగా 4 మెగాబైట్లే. అందువల్ల 1 గిగాబైటు పేజీలు తప్పక కావాలంటే, మెషిను మొదలవుతున్నప్పుడే, ఇంకా ఎవరూ ఎక్కకముందే, కెర్నెల్‌కు చెప్పి పక్కన పెట్టించుకోవడం మేలు. కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టు. ఇందులో నష్టమూ ఉంది. 8 గిగాబైట్ల మెషినులో అలాంటి పేజీలు 4 ఆపితే, అవి ఊరికే పడి ఉన్నా మిగతా ప్రోగ్రాములు సగం మెమరీతోనే సర్దుకోవాలి. ఎన్ని ఆపాలో ముందే తేల్చుకోవడం నిజంగా కష్టమైన పనే.

2 మెగాబైట్ల పేజీలనైతే, 2011 నుంచి, అమరికను బట్టి, ఎవరూ అడగకపోయినా వీలున్నచోట లినక్స్ తానే ఇవ్వగలదు. మీకు లినక్స్ కంప్యూటరు అందుబాటులో ఉంటే ‘ప్రోక్’ డైరెక్టరీలో ‘మెమ్‌ఇన్ఫో’ ఫైలు తెరవండి. ‘అనాన్‌హ్యూజ్‌పేజెస్’ అన్న వరుసకు ఎదురుగా, అలా ఇచ్చిన మెమరీ కిలోబైట్లలో ఉంటుంది. దాన్ని 2048తో భాగించి, ఎన్ని పేజీలో చూడండి.