ముడతలు పడ్డ ష్నిట్జెల్

వియన్నా ష్నిట్జెల్ పేరు వినగానే అందరూ మాంసం గురించి అడుగుతారు. వంటవాడి పనితనం మాత్రం మాంసానికీ పైపొరకీ మధ్యనున్న ఖాళీలో కనబడుతుంది.

లేతదూడ తొడభాగం నుంచి ఎముక లేని ముక్క కోసి, నాలుగైదు మిల్లీమీటర్ల మందానికి వచ్చేదాకా సాగగొడతారు. ఉప్పు చల్లి, మైదాలో, గిలకొట్టిన గుడ్డులో, చివరికి ఎండురొట్టె పొడిలో పొర్లిస్తారు. పొడి బాగా పట్టాలని అదమబుద్ధవుతుంది. అదమకూడదు. అదిమితే పొర మాంసానికి కరుచుకుపోతుంది. అలాగని పక్కన పెట్టి కబుర్లు చెప్పుకున్నా పొడి తడిసిపోతుంది. వెంటనే 170 డిగ్రీల వేడిలో, ముక్క ఈదేంత నెయ్యిలో వెయ్యాలి. అవును, వియన్నావాళ్లు వాడే కరగబెట్టిన వెన్న మన నెయ్యికి దగ్గరి చుట్టమే. పందికొవ్వులో వేయించేవాళ్లూ ఉన్నారు. పెనాన్ని అటూ ఇటూ ఊపుతుంటే కాగిన నెయ్యి ముక్క మీదికీ పారుతుంది, గుడ్డు బిగుసుకుంటుంది. లోపలి తడి ఆవిరై పొరను పైకి లేపుతుంది. పూరీ పొంగే సూత్రమే. బయటికి తీసేసరికి పొర ముడతలు పడి, మాంసాన్ని వదిలి నిలబడి ఉంటుంది.

వడ్డన పద్ధతంతా ఈ పొరను కాపాడటానికే. నిమ్మముక్క, కాస్త పార్‌స్లీ ఆకు, పక్కన ఆలుగడ్డల సలాడ్. సలాడ్‌లో మయొనైజ్ వేయరు; మాంసరసం, వెనిగర్, నూనె, ఉల్లిపాయ కలుపుతారు. జర్మనీలో కొన్నిచోట్ల ష్నిట్జెల్ మీద పుట్టగొడుగుల సాస్ పోస్తారు. ఆ మాట వియన్నాలో భోజనం ముగిశాక ఎత్తడం మంచిది.

ఆస్ట్రియా సేనాని రాడెట్‌స్కీ ఈ వంటకాన్ని మిలాన్ నుంచి తెచ్చాడన్న కథ చాలాకాలం నడిచింది. భాషావేత్త హైన్జ్-డీటర్ పోల్ తవ్వి చూస్తే దానికి ఆధారం దొరకలేదు. పైగా మిలాన్ కట్‌లెట్‌కు ఎముక ఉంటుంది, ముక్కా మందం.

ఆస్ట్రియా ఆహార నియమాల ప్రకారం ‘వీనర్ ష్నిట్జెల్’ అని ఊరికే రాస్తే అది దూడమాంసమే అయ్యుండాలి. పందిమాంసమైతే ఆ సంగతి పేరులోనే చెప్పాలి. ధర తక్కువ కనుక ఇళ్లలో ఎక్కువగా వండేది ఆ రెండోదే. 1905లో వియన్నాలో మొదలైన ఫిగ్‌ల్‌ముల్లర్ అనే భోజనశాలలో పళ్లెం అంచులు దాటి వేలాడే ష్నిట్జెల్ కోసం పర్యాటకులు వీధిలో బారులు తీరతారు. అదీ పందిమాంసమే. ఆ సంగతి మెనూలో దాచకుండా రాస్తారు. చదివే ఓపిక మాత్రం ఆ బారులో నిలబడేటప్పుడే అయిపోతుంది.