శ్రమయు, మెదడును

వ్యాయామము దేహమునకు బలము నిచ్చునని ఎల్లరు నెరుగుదురు. కాని కాళ్లు శ్రమించుచుండగా మెదడు ఏమి చేయుచుండును? శ్రమ హెచ్చినకొలది దాని పనియు హెచ్చుచునే యుండునా? మనము తరచుగా నెక్కు పావగడ కొండకోట దారినే ఉదాహరణముగా గైకొని విచారింతము.

మెదడు దేహపు బరువులో నూటికి 2 పాళ్లు మాత్రమే. అయినను విశ్రాంతి వేళ దేహము వాడుకొను ప్రాణవాయువులో నూటికి 20 పాళ్లు దానికే కావలెను. ఆ వాయువును చేరవేయునది రక్తము.

కొండ నెమ్మదిగా నెక్కునపుడు మెదడునకు పోవు రక్తము హెచ్చును. శ్రమ మన గరిష్ఠ శక్తిలో ఇంచుమించు నూటికి 60 పాళ్లకు చేరువరకు ఈ పెరుగుదల సాగును. అప్పుడు సాధారణముగా మనస్సు చురుకుగా నుండును.

పందెము వేసికొని పైకి పరుగెత్తినచో స్థితి మారును. రొప్పు హెచ్చి, రక్తములోని బొగ్గుపులుసు వాయువు అధికముగా వెలికి పోవును. అది తగ్గగానే మెదడులోని రక్తనాళములు ముడుచుకొనును. కాళ్లు మరింత శ్రమించుచున్నను, మెదడునకు పోవు రక్తము విశ్రాంతి వేళ నుండు పరిమాణమువైపు తగ్గును. అలసట ముదిరినప్పుడు, నుదుటి వెనుక నుండి ఆలోచించి నిర్ణయించు భాగమునకు ప్రాణవాయువు చాలకుండును. ఎండవేడిమి ఈ తగ్గుదలను ఇంకను హెచ్చించును. మన సీమలో వేసవి యెండ ఎట్టిదో చెప్పనక్కరలేదు. కావున రొప్పుచు బండలపై అడుగువేయుట ప్రమాదకరము. నిలిచి, ఊపిరి కుదిరిన పిమ్మటనే దిగవలెను.

మధ్యమ శ్రమను కనుగొనుటకు యంత్రము లక్కరలేదు. నడచుచు వేమన పద్యమొకటి తడబడక చెప్పగలిగినచో శ్రమ మితముగా నున్నది. పాదము మధ్యలో ఊపిరికై ఆగవలసివచ్చినచో మితి మీరినది.

పరీక్షలు సమీపింపగానే ఆటల గంటను గణితమున కిచ్చు వాడుక పెక్కు పాఠశాలలలో కలదు. 2009లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున హిల్‌మన్ మున్నగువారు, సుమారు తొమ్మిదేండ్ల పిల్లలు 20 నిమిషములు నడచిన పిదప, శ్రద్ధను కోరు పరీక్షలో ఊరక కూర్చుండిన నాటికంటె మెరుగుగా నుండిరని కనుగొనిరి. కావున ఆటల గంట చదువునకు శత్రువు కాదు. మితముగా వాడుకొన్నచో చదువునకు తోడు. విద్యార్థులును, పెద్దలును దీనిని గమనింతురుగాక!